దడ పుట్టని గుండె

వానాకాలం జలపాతం దిగినా, చలికాలం మంచులో కొండ అంచున నడిచినా గైడు సుభద్ర గుండె అదరదు. చిన్నప్పట్నుంచీ తిరిగిన అరకు కొండలాయె. చిక్కల్లా, కంపెనీకి డబ్బు కట్టి, హైదరాబాదులో సోఫా మీంచే ఆమె సాహసాన్ని అనుభవించే యాత్రికుడి సెన్సర్ చొక్కాలో మోగాల్సింది ఆమె గుండె దడే.

"ఏందమ్మా, జారే బండ మీద కూడా నీ గుండె నిద్రపోతాంది? థ్రిల్ ఏదీ?" చెవిలోని ఇయర్‌ఫోన్‌లో యాత్రికుడు విసుక్కున్నాడు.

"భయం వెయ్యకపోతే నన్నేటి చెయ్యమంటారండీ?" తాడుకు వేలాడుతూనే కసిరింది సుభద్ర.

"కంపెనీకే చెప్తా ఉండు."

రెండు నిమిషాల్లో ఆమె మణికట్టు పట్టీ మీద కంపెనీ సందేశం వెలిగింది: 'ఇది మూడో ఫిర్యాదు. రేపటి నుంచి రానక్కర్లేదు.'

వాళ్ళింట్లో మొదటి డిగ్రీ, మొదటి ఉద్యోగం. సుభద్ర గుండె మొదటిసారి దడదడ కొట్టుకుంది.

"అద్గదీ!" చెవిలో కేక. "ఇప్పుడొచ్చింది మజా! ఎంత లోయమ్మా అది? ఇంకోసారి దూకు!"