బావమరిది దిద్దిన కోడ్

"బిల్డ్ బటన్ ఎందుకు నొక్కావమ్మా? పొద్దుట్నుంచీ మా బావమరిది తల బద్దలుకొట్టుకుని దిద్దిన సీ భాష కోడంతా తుడిచిపెట్టుకుపోయింది!"

యజమాని కేకేసేసరికి ప్రోగ్రామర్ కుర్చీ ఇటు తిప్పింది.

"ఆ సీ కోడ్ ఎవరూ రాసింది కాదు సార్. నేను స్కీమ్ అనే ఇంకో కంప్యూటర్ భాషలో రాసింది ఈ ఒక్క పేజీ. బిల్డ్ నొక్కినప్పుడల్లా కంపైలర్ పాతది చెరిపేసి, దీన్నుంచి సీ కోడంతా మళ్ళీ పుట్టిస్తుంది. దాంతో తయారైన ఫైలొక్కటి లిఫ్టు కంప్యూటర్లో పెడితే చాలు, మన లిఫ్టు నడుస్తుంది."

"అయితే మావాడు దిద్దిందంతా?"

"రోజూ బూడిదలో పోసిన పన్నీరే సార్. మీ బావమరిది కదా, ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నా."

"తన చెయ్యి పడ్డాకే లిఫ్టు దారికొచ్చిందని ఇంట్లో గొప్పలు పోతున్నాడే! వాణ్ణి చీఫ్ ఇంజనీర్ని చెయ్యమని మా ఆవిడ ప్రాణం తీస్తోంది."

"ఆయన దిద్దింది లిఫ్టులోకి వెళ్ళింది ఒక్కసారే సార్. నేను సెలవు పెట్టిన రోజు, ఆ సీ కోడ్ నుంచి ఆయనే ఫైలు తయారుచేసి పెట్టారు."

యజమానికి ఆ రోజు గుర్తొచ్చింది. అత్తగారితో కలిసి రెండంతస్తుల మధ్య మధ్యాహ్నం దాకా ఇరుక్కుపోయాడు.

అద్దాల గోడకి అవతల బావమరిది మళ్ళీ మొదటి వరుస నుంచి దిద్దుతున్నాడు. యజమాని గొంతు తగ్గించాడు.

"వాడికి చెప్పకు తల్లీ, దిద్దుకోనీ. చీఫ్ ఇంజనీర్ బోర్డు కూడా తగిలించేస్తాను. నువ్వు మాత్రం ఇక సెలవు పెట్టకు."