ఉప్పు చెప్పే పెద్దాయన

“సూపులో ఉప్పు పడలేదమ్మా.”

వడ్డించే కిటికీ దగ్గర ఆ మాట వినిపించి వంటావిడ ఉలిక్కిపడింది.

మెడకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన. బొంగురు గొంతుతో, పక్కవాళ్లకి వినపడకుండా ఆ ఒక్క మాటే అని, వెళ్లి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆమె గబగబా గుప్పెడు ఉప్పు గుండిగలో వేసి కలిపింది.

గంట కొట్టాక నర్సులు, రోగుల వెంట వచ్చినవాళ్లు బిలబిలమంటూ వచ్చి తిన్నారు. ఒక్కరూ వంక పెట్టలేదు.

ఆ ఆస్పత్రి క్యాంటీన్‌లో ఆమె చేతివంటకి మంచి పేరుంది. ఆ చేతికి నాలుక సాయం లేకుండా పోయిందని మాత్రం క్యాంటీన్‌లో ఎవరికీ తెలియదు.

మొన్నటి జ్వరం పోతూ పోతూ రుచిని కూడా వెంట తీసుకుపోయింది. పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక. నిమ్మకాయ కొరికితే తడి, అంతే.

జ్వరం తగ్గగానే అక్కడి డాక్టరుకే చూపించుకుంది.

“నాలుక మీద రుచి మొగ్గలుంటాయమ్మా. పాతవి రాలిపోతుంటే కొత్తవి పుడుతూనే ఉంటాయి. నీకవి బాగానే ఉన్నాయి. వాటి కబురు మెదడుకి మోసే నరాలు దెబ్బతిన్నాయి.”

“మళ్లీ వస్తుందా డాక్టరుగారూ?”

“రావచ్చు. రాకపోనూ వచ్చు.”

ఇంటికెళ్లి అత్తగారితో చెప్పింది.

“నాలుక చచ్చిందంటావు గానీ, నా మీదికి మాత్రం బాగానే లేస్తోందే!” అంది ముసలావిడ, నవ్విద్దామని.

ఎవరికీ నవ్వు రాలేదు. ఇద్దరి కడుపులూ నిండేది ఆ వంటపని మీదే.

ఉప్పు సంగతి చెప్పిన మర్నాడూ పెద్దాయన వచ్చాడు. వార్డులు ఊడ్చే ఆయాలకి గంట కొట్టకముందే పెట్టేస్తారు. వాళ్లతో పాటే కూర్చుని, కాసేపటికి లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“కూరలో కారం మండుతోంది తల్లీ. ఇంకాసిని బంగాళాదుంపలు ఉడికించి కలుపు.”

కలిపింది. ఆ పూట గిన్నెలన్నీ ఖాళీ అయ్యాయి.

ఇంకోరోజు, “పులుపు చాల్లేదమ్మా” అన్నాడు.

ఇలా రోజూ జరుగుతోంది. ఆయన చెప్పడం, ఆమె దిద్దుకోవడం. దిద్దుకున్నకొద్దీ ఆమెకి భయం ఎక్కువైంది. ఈయనకి నా సంగతి తెలిసిపోయిందా?

“మీకెందుకండీ నా వంట గొడవ?” అని ఒకరోజు విసుక్కుంది.

ఆయన నొచ్చుకోలేదు. “వీలు చూసుకుని నీకో మాట చెప్తాలే అమ్మా. నీకే పనికొస్తుంది.”

అది ఆమెకి బెదిరింపులా వినిపించింది.

ఆ మధ్యాహ్నమే ఆయన సూపర్‌వైజర్‌తో గుసగుసగా మాట్లాడుతూ కనిపించాడు. చెప్పేశాడు! ఇక ఆగితే లాభం లేదని, ఆయన అటు వెళ్లగానే తనే ముందు నోరు విప్పింది.

“సార్, ఆ మఫ్లరాయన నన్ను పని చేసుకోనివ్వడం లేదు. రోజూ ఏదో ఒక వంక. పైగా తినే ఆడవాళ్ల మొహాల్లోకి గుడ్లప్పగించి చూస్తాడు. కావాలంటే ఆయాల్ని అడగండి.”

అందులో అబద్ధం లేదు. ఒక ఆయా నిజంగానే ఆ మాట అంది.

“అదా సంగతి! కిటికీ పక్క బల్ల రోజూ తనకే ఉంచమని ఇప్పుడే బతిమాలి వెళ్లాడు. పాపం ముసలాయన కదా అనుకున్నాను.”

అంటే చెప్పలేదన్నమాట. ఆమె అన్న మాట వెనక్కి తీసుకోకుండానే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు పెద్దాయన్ని గుమ్మంలోనే ఆపేశారు. ఆయన మఫ్లర్ సర్దుకుని వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత వంట గాడి తప్పింది. ఒకపూట చప్పన, ఒకపూట ఉప్పుకషాయం. ఒకరోజు గుండెజబ్బు వార్డుకి వెళ్లిన సూపు గిన్నెలు ఎలా వెళ్లినవి అలాగే తిరిగొచ్చాయి. పెద్దనర్సు ఒక గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“తాగు.”

తాగింది.

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది” అంది.

పెద్దనర్సు ఆమెని ఎగాదిగా చూసింది. ఆ రోజుతో పని పోయింది.

తిరగ్గా తిరగ్గా ఒక హాస్టల్లో వంటపని దొరికింది. దొరికిందన్న సంతోషం కన్నా రేపు ఏం వండి ఎవరి చేత తిట్లు తినాలో అన్న దిగులే ఎక్కువ. ఆ పెద్దాయన కాళ్లు పట్టుకునైనా తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుందామనుకుంది.

ఆయన గొంతు క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకోవడానికి ఆస్పత్రికి వచ్చేవాడని, ఇల్లు తమ వీధిలోనేనని ఒక ఆయా చెప్పింది.

తలుపు ఆయన కూతురు తీసింది.

“నాన్న పోయారమ్మా. పోయిన వారమే.”

“అయ్యో! ఆస్పత్రిలో పరిచయమమ్మా” అంది వంటావిడ.

“క్యాంటీన్లో వండేది మీరేనా?” అందా కూతురు. “మీ గురించే చెప్పేవారు. డాక్టరు మీతో మాట్లాడుతుంటే వెనక బెంచీ మీద ఉండి విన్నారట. ఆ పిల్లకి దారి చూపించాలి, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు అనేవారు. ఆఖర్న ఎందుకో అక్కడికి రానివ్వలేదట.”

“దారేముందమ్మా? ఆయన నాలుకే నాకు దారి. రుచి చూసి ఉన్నదున్నట్టు చెప్పేవారు.”

కూతురు వింతగా చూసింది.

“నాన్నకి రుచెక్కడిదమ్మా? నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత కూడా పెద్ద హోటల్లో వంటమాస్టరుగా రిటైరయ్యేదాకా వండారు, తినేవాళ్ల మొహాలు చూసి.”