బుట్టలన్నిటికీ ఒకే ఫీజు

కడియపులంక పూలబజారులో ప్రతి అమ్మకమూ బ్లాక్‌చెయిన్‌లో, అంటే చెరపలేని డిజిటల్ ఖాతాలో, నమోదు కావాలి. నమోదుల రద్దీ పెరిగితే ఒక్కో నమోదుకి ఫీజూ పెరుగుతుంది. ఆ పొద్దున అది నూకరత్నం తెచ్చిన బుట్టెడు మల్లెమొగ్గల ధరను దాటేసింది. సాయంత్రం తగ్గేదాకా ఆగితే మొగ్గలు విచ్చిపోతాయి.

"ఎక్కువ కడితే మనది ముందు రాస్తదంట. కట్టేద్దామా?" అంది పక్కబుట్ట వెంకాయమ్మ.

"ఫీజు సరుకుకి కాదే, రాతకి," అంది నూకరత్నం. "అందరం కలిసి ఒకే ఆటో మాట్లాడుకుని రాలేదా? అమ్మకం కూడా అలాగే కలిపి రాయిద్దాం."

వరసలోని ఆడవాళ్ల బుట్టలన్నీ ఒకే అమ్మకంగా చేరాయి. ఫీజు తలా పిసరంత పడింది.

"అమ్మినవారి పేరు?" అని నమోదు యంత్రం తెర మీద అడిగింది.

అందరూ నూకరత్నం వైపు చూశారు. ఆమె కొంగు బిగించి, బజారంతా వినపడేలా చెప్పింది.

"కడియపులంక ఆడోళ్లు!"