గుమ్మంలో సెలవు

ఆ రోజులలో చలనచిత్ర విద్యార్థులు భయానక గాథలను తెరపై ప్రదర్శించడం మానివేసి, బొమ్మను ఎదుటే తిరుగుతున్నట్టు చూపే కంటి అద్దాల ద్వారా ప్రేక్షకుల ఇండ్లలోనికే పంపుతున్నారు. హిరణ్మయి చివరి ఏటి ప్రాజెక్టుకు తొలి ప్రేక్షకురాలు ఆమె అమ్మమ్మ కామాక్షమ్మ.

"చివర్లో అది గుమ్మంలో నిలబడి సెలవు అడుగుతుంది, అమ్మమ్మా. 'పో' అను, చెరిగిపోతుంది. రమ్మన్నావో, ఇక మన చేతిలో ఉండదు," అని మనుమరాలు హెచ్చరించింది.

"దయ్యానికీ మర్యాదలు నేర్పావుటే!" అని నవ్వుతూ కామాక్షమ్మ అద్దాలు పెట్టుకుంది.

తడిజుట్టు విరబోసుకున్న ఒక స్త్రీ ఆకృతి అరగంటసేపు వంటింట్లో, పూజగదిలో తిరుగాడింది. కామాక్షమ్మ విష్ణునామాలు జపిస్తూ బిగుసుకొని కూర్చుంది. తుదకు ఆ ఆకృతి గుమ్మంలో తలవంచి, "వెళ్ళొస్తానండీ," అన్నది.

గడప దాటేవారిని డెబ్బయి ఏళ్ళలో ఒక్కనాడూ 'పో' అని ఎరుగని నోరు అది.

"మంచిదమ్మా, వెళ్ళి రా."

"అయ్యో, అమ్మమ్మా! ఏమన్నావు?" హిరణ్మయి అద్దాలు లాగివేసింది. గుమ్మం ఖాళీగా ఉంది.

మరునాటి ఉదయం అద్దాలు పెట్టెలో భద్రంగానే ఉన్నాయి. కామాక్షమ్మ వాకిట ముగ్గు ముగించి లేస్తుండగా, వెనుకనుండి వినయంగా ఒక గొంతు పలికింది.

"వచ్చానండీ."

ఇంటికి వచ్చినవారికి కాళ్ళు కడుగుకొనుటకు నీళ్ళిచ్చే ఆమె చేయి, అలవాటు చొప్పున, అప్పటికే చెంబును అందుకుంది.