రెండిట్లో ఒకటి

"ఆ సీసా ఇలా ఇవ్వండి!"

డాక్టరమ్మ కేకకు వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

ముసలాయన కళ్లు తెరిచాడు. ఆయన ఒక చెయ్యి ఎదురుగా కూర్చున్న పిల్ల తలమీద ఉంది. రెండో చేతిలో ఆ పిల్లకిచ్చిన ఇన్సులిన్ సీసా ఉంది.

ఆయన రోగి కాడు, రోగి బంధువూ కాడు. షుగరు పిల్లలకి మందిచ్చే రోజున పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుంటాడు. అందరూ దీవెనల తాత అంటారు.

డాక్టరమ్మకి ఆయన్ని చూస్తే ఒళ్లు మంట.

అలాగని ఆవిడ దేవుణ్ణి నమ్మని మనిషేం కాదు. ఇంట్లో రోజూ దండం పెట్టుకుంటుంది. కాకపోతే చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు, భక్తిని ఆసుపత్రి గేటు బయట విడిచి లోపలికొస్తుంది.

"తాతగారు దీవించిన సీసా అయితేనే మా పిల్ల ఇంట్లో సూది వేయించుకుంటుందమ్మా," అంది పిల్ల తల్లి నసుగుతూ. "సూది వేయించుకుంటే దేవుడు వదిలేస్తాడని మా అత్తగారు దీన్ని బెదరగొట్టింది."

"మందుకి దీవెనలేమిటి? మందు మందే, దేవుడు దేవుడే. రెండూ కలపకండి."

"మందు పనిచేస్తుంది తల్లీ, కాదనను," అన్నాడు ముసలాయన మెల్లగా. "వేయించుకుంటేనేగా పనిచేసేది."

"ఇవాళ దీవెనంటారు. రేపు అసలు సూదే అక్కర్లేదంటారు. మీలాంటివాళ్లని చాలామందిని చూశాను!"

ముసలాయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"పోనీ, నేను రాను. నా బదులు మీరే తలమీద చెయ్యిపెట్టి ఒక మంచిమాట చెప్పి ఇవ్వండి. ఈ పిల్ల భయం సూదంటే కాదు, దేవుడంటే."

"నాకంత తీరిక లేదు."

స్టెతస్కోపు చెవిలో పెట్టుకుంటే మనుషుల మాట వినబడదు కాబోలు. ఆయన్ని ఇంక లోపలికి రానివ్వొద్దని కాపలావాడికి గట్టిగా చెప్పి, పీడ విరగడైందనుకుంది డాక్టరమ్మ.

ముసలాయన కొన్నాళ్లు గేటు బయట నిలబడి, వచ్చే పోయే తల్లుల్ని పలకరించేవాడట. తర్వాత కనిపించడం మానేశాడట.

ఆ పిల్ల కూడా రావడం మానేసింది. అది మాత్రం ఎవరూ గమనించలేదు.

ఒక మధ్యాహ్నం ఆ తల్లి పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. పిల్లకి స్పృహ లేదు. ఊపిరి ఎగదన్నుతోంది.

"ఇన్సులిన్ ఎప్పట్నుంచి మానేశారు?"

తల్లి పిల్లని మంచం మీద పడుకోబెట్టింది.

సెలైన్ ఎక్కించారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. డాక్టరమ్మ ఆ మంచం దగ్గర్నించి కదల్లేదు, అన్నానికి కూడా వెళ్లలేదు. పిల్ల దక్కదేమోనని ఆవిడకి చాలా భయం వేసింది. చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. పెదవులు మాత్రం ఏదో అంటున్నాయి. ఏమిటని నర్సు అడగలేదు.

పొద్దు వాలేసరికి పిల్ల కళ్లు తెరిచింది.

డాక్టరమ్మకి అప్పుడొచ్చింది కోపం.

"ఎవరమ్మా మానెయ్యమంది? ఆ ముసలాయనేనా?"

"అయ్యో, ఆయన్ననకండమ్మా! ఆయన దీవించిన సీసా అయిపోయాక, దీవించని సీసా వద్దని ఇది ఒకటే ఏడుపు. ఏం చెయ్యాలో తోచక సీసా పట్టుకుని ఊరిచివర ప్రార్థన మందిరానికి వెళ్లాను, అక్కడైనా దీవిస్తారేమోనని. నమ్మకమో సూదో, రెండిట్లో ఒకటి తేల్చుకోమన్నారు."

"అంటే తేల్చుకున్నావా?"

"మీరూ అదే మాటన్నారు కదమ్మా, రెండూ కలపొద్దని! కలిపింది తాత ఒక్కడే. 'ఈ సూది కూడా ఆ దేవుడు పంపిందేనే పిచ్చితల్లీ, కాదంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడు' అని చెప్పేవాడు. ఇది నవ్వి చెయ్యి చాపేది."

డాక్టరమ్మకి చెంప ఛెళ్లుమనిపించినట్టయింది.

"మేడమ్," అంది నర్సు నెమ్మదిగా, "ఆయన వెళ్లిపోయాక రావడం మానేసిన పిల్లలు ఇంకా ఉన్నారు."

మర్నాడు డాక్టరమ్మ ఆయన ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది. క్షమించమని అడగాలి. ఈసారి బెంచీ కాదు, తన గదిలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. దారిపొడుగునా ఆ మాటలే కూడబలుక్కుంది.

తలుపు తీసింది ఆయన భార్య.

"ఆయన లేరమ్మా. గుండె ఆగిపోయి పోయిన నెలే పోయారు."



"నేను ఆయన్ని నానా మాటలూ అన్నాను పెద్దమ్మా," అంది డాక్టరమ్మ. "ఆయన కూడా ఊరిచివర ప్రార్థన మందిరం వాళ్లలా సూది వద్దనే మనిషే అనుకున్నాను."

"చెప్పారులే. నీమీద ఆయనకి కోపం లేదు. డాక్టరమ్మ నన్ను సరిగ్గానే పోల్చుకుందే అన్నారు."

"సరిగ్గానా?"

పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఆ మందిరం పెట్టింది ఆయనే తల్లీ, నమ్మకముంటే సూదెందుకని ఆయనన్న మాట విని మొట్టమొదట మానేసి కన్నుమూసింది మా ఒక్కగానొక్క కూతురు."