గేటు కాడి అవ్వ

“ఊదు నాయనా.”

జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు కారు దిగగానే విన్న మొదటి మాట ఇది.

గేటు పక్కన రాయి మీద కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చి, ఆయన మొహం దగ్గర మొహం పెట్టి నిలబడింది. ఆయన నోట్లో కిళ్ళీ ఉంది. పక్కకు తిరిగి ఉమ్మేసి, “ఎవరీమె?” అన్నాడు.

ప్రశాంతికి తల కొట్టేసినట్టయింది.

కళ్యాణదుర్గం దోవలో ఉన్న ఆ జూనియర్ కాలేజీలో పిల్లలకు జీవన నైపుణ్యాలు నేర్పమని ఒక సంస్థ ఆమెను పంపింది. మత్తు జోలికి పోకుండా బతకడం, ఎవరైనా చేతిలో పెడితే వద్దని చెప్పడం ఆమె చెప్పే పాఠాలు. ఆ రోజు ఆఫీసరు ముందు పిల్లలతో నాటిక వేయించబోతోంది.

“అక్కమ్మ అని, పిచ్చిది సార్,” అన్నాడు ప్రిన్సిపాలు శ్రీరంగప్ప. “నేను ట్రాన్స్‌ఫరై వచ్చేతలికే ఈడ ఉండాది. కొడుకు గంజాయి తాగి సచ్చిపోయినాడంట. అప్పట్నుంచి పిల్లోళ్ళ నోర్లు వాసన చూస్తాంటాది.”

నిజమే. పొద్దున బస్సు దిగేటప్పుడూ, సాయంత్రం ఎక్కేటప్పుడూ ఆమె ముందు ఊదనిదే ఏ పిల్లవాడికీ దారి లేదు. వాసన లేకపోతే ఒళ్ళోంచి గుప్పెడు శనక్కాయలు తీసి పెట్టేది. ఉంటే వాడి గడ్డం పట్టుకుని అందరి ముందూ ఏడ్చేది. అయ్యవార్ల దెబ్బలకు జడవని మొండిఘటాలు కూడా ఆ ఏడుపుకు జడిసేవాళ్ళు.

నాటికలో వద్దని చెప్పే వేషం తిప్పేష్‌ది. క్లాసులో అందరికన్నా చురుకైనవాడు. “నాకొద్దు. నా స్నేహితుడివైతే మళ్ళీ అడగొద్దు,” అని గొంతెత్తి చెప్పాడు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. వెళ్తూ వెళ్తూ, “లోపలంతా బాగుందమ్మా. ఆ గేటు దగ్గరే కాస్త చూసుకోండి,” అన్నాడు.

మర్నాడు ప్రశాంతే అక్కమ్మ చేయి పట్టుకుని బస్సు దగ్గరికి నడిపించింది.

“నీకెవరున్నారవ్వా?”

“మడకశిర కాడ మా చెల్లెలుండాది.”

“కొన్నాళ్ళు అక్కడుండు. పిల్లల్ని నేను చూసుకుంటాలే.”

అక్కమ్మ ఆగి, ఆమెను ఎగాదిగా చూసింది.

“సాయంత్రం బస్సు పోయేదాకా ఉంటావా?”

“ఉంటాను.”

“వాసన చూడల్లమ్మా. మాటలు నమ్మాకు. పిల్లోళ్ళు మాటలు బాగా చెప్తారు.”

“సరే అవ్వా.”

మాటయితే ఇచ్చింది. నాలుగింటికి అనంతపురం బస్సు అందుకోకపోతే మళ్ళీ గంటసేపు పడిగాపులు. అందుకని సాయంత్రం గేటు దగ్గర ఒక్కనాడూ నిలబడలేదు. కంచె పీకేసి చేనుకు కాపలా ఉన్నాననుకుంది మహాతల్లి.

ఆ ఏడు విత్తిన శనక్కాయ వాన లేక చేలోనే మాడిపోయింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తిప్పేష్ మత్తులో తూలి, కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీంచి పడ్డాడు. చక్రం కాలి మీదుగా పోయింది.

ప్రశాంతి ఆస్పత్రికి వెళ్ళేసరికి వాడి కుడికాలు మోకాలి దాకా తీసేశారు. తండ్రి తిమ్మప్ప ఆమెను చూసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“వద్దని చెప్పడం నేర్పాను కదరా,” అంది.

“చెప్పినా మేడమ్. మీరు నేర్పిచ్చినట్టే చెప్పినా. గంజాయి ఇచ్చే ఆ యన్న కోపం చేసుకోల్యా. నవ్వి ఊరకున్నాడు. మర్సటి దినం మళ్ళా వచ్చినాడు. ఆ మర్సటి దినమూ వచ్చినాడు.” వాడు దుప్పటి మోకాలి మీదికి లాక్కున్నాడు. “నాటికలో ఒగసారే గదా మేడమ్ అడిగేది.”

ఆమె మంచం దగ్గరికి జరిగింది.

“ఎవర్రా వాడు? ముందు లేడే?”

“ఉన్న్యాడు మేడమ్. అవ్వ ఉన్నప్పుడు రోడ్డుకు అవతల నిలబడి చూసి పోతాండె. ఆయమ్మ పోయినంక గేటు కాడికే వచ్చినాడు.”

ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. కళ్ళు మూస్తే గేటు పక్కన ఖాళీ రాయి. ఆ వారమే మడకశిర బస్సెక్కింది. కాళ్ళు పట్టుకునైనా ముసలమ్మను వెనక్కి తీసుకురావాలి.

అక్కమ్మ చెల్లెలు రామలక్ష్మమ్మ ఇంటి ముందర గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. ప్రశాంతి తానెవరో చెప్పింది.

“నువ్వేనా ఆ మేడమ్? అక్క లేదమ్మా. దీపావళి ముందర పోయింది.”

ప్రశాంతి అరుగు మీద కూర్చుంది.

“ఈడ ఉన్నన్నాళ్ళూ అదే ధ్యాస. పిల్లోళ్ళు బస్సు దిగే పొద్దాయ అని లేచి పోతాండె. మేం పట్టకొస్తాంటిమి. మేడమ్ చూసుకుంటాదిలే, మాటిచ్చినాది గదా అంటే పండుకుంటాండె.”

చేతులు కాలాయి. పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు.

“చచ్చిపోయిన కొడుకు మీద బెంగతోనే పోయిందేమో,” అంది చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

రామలక్ష్మమ్మ గొర్రెపిల్లను కిందికి దించి, ఆమె మొహంలోకి చూసింది.

“యాడ సచ్చినాడు? అట్ల చెప్పుకుంటాండె, అంతే. వాడు రాయి మాదిరుండాడు. ఎండాకాలంలో జైల్లో నుంచి వచ్చినాడు, మళ్ళా మీ గేటు కాడికే పోతాండాడంట.”

“మా గేటు దగ్గరికా?”

“ఆ గేటు కాడ పిల్లోళ్ళకు గంజాయి అమ్మేది వాడే మేడమ్, వాణ్ణి పోలీసోళ్ళకు పట్టిచ్చింది, మళ్ళా వస్తాడని ఆ రాయి మీద కాపలా కూసున్యాది, వాణ్ణి కన్న మా యక్కే.”