మరిది చేను

"ఆఫీసరు కనబడగానే కొంగుతో కళ్ళు ఒత్తుకో. మాటలు నేను చూసుకుంటాను," అన్నాడు భర్త.

"మన చేను పచ్చగా నవనవలాడుతుంటే ఏడుపెలా వస్తుంది?" అంది భార్య.

"మా అమ్మను తలుచుకో. అదే వస్తుంది."

సర్కారు సాయం ఎండిన చేలకే. అందుకని తమ్ముడి ఎండిన చేలో నిలబడి, అది తనదేనని చూపించబోతున్నాడతను.

ఆఫీసరమ్మ వచ్చి, ఒక మొక్కను పీకి చూసింది. "ఎండల సంగతి సరే, కలుపు ఒక్కసారైనా తీశారా? ఇంత బద్ధకంగా సేద్యం చేసిందెవరు?"

"మా ఆవిడేనండి," అన్నాడు వినయంగా.

భార్యకు ఒళ్ళు మండింది. "ఇది మా మరిది చేనండి. మాది ఆ గట్టు అవతల ఉంది. రండి, చూపిస్తాను."

సర్కారు సాయం చేజారిపోతుంటే, భర్త పళ్ళు నూరుకుంటూ వాళ్ళ వెంట నడిచాడు.

"ఈ ఎండల్లో ఇదెలా బతికింది?" ఆశ్చర్యపోయింది ఆఫీసరు.

"బావిలోకి దిగి, అడుగునున్న నీళ్ళు కడవతో మోసి పోశానండి," అంది భార్య.

భర్త ఆమె వంక తెల్లబోయి చూశాడు. తాను ఎంచిన విత్తనం గొప్పదని ఇన్నాళ్ళూ ఊరంతా చాటుకున్నాడు.

"మీకు సాయం రాదమ్మా," అని నవ్వి, ఆఫీసరు వెళ్ళిపోయింది.

తిట్లు మొదలవుతాయని భార్య కొంగు నడుముకు బిగించింది.

"బావిలో ఇంకా నీళ్ళున్నాయా?" అడిగాడతను.

"ఎందుకు, దూకుతావా?"

"దిగుతాను," అన్నాడు చెప్పులు విడుస్తూ. "కడవ అందియ్యి."